అమెరికాలో దిగాక అమ్మానాన్నల ఫోన్ పనిచేయట్లేదా? ఇవి చూడండి

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లకు ఫోన్‌తో వచ్చే తిప్పలు దాదాపు ఒకేలా ఉంటాయి, వాటిలో చాలావాటిని శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కకముందే ఆపొచ్చు. ఇప్పటికే అక్కడ దిగిపోయి ఉంటే ఏం చేయాలో కూడా రాస్తున్నాను.

సిగ్నలే రావట్లేదు

ముందు చూడాల్సింది రోమింగ్. ఇక్కడ ఏడాదికి రీచార్జ్ చేయించి ఉన్నా అది విదేశంలో పనిచేయదు, ఇంటర్నేషనల్ రోమింగ్ ప్యాక్ విడిగా వేయాలి. ప్యాక్ ఉన్నా సిగ్నల్ లేదంటే ఫ్లైట్ మోడ్ పెట్టి అర నిమిషం ఆగి తీసేయండి, ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే సెట్టింగ్స్‌లో మొబైల్ నెట్‌వర్క్‌లోకి వెళ్లి ఆటోమేటిక్ అన్నది ఆపేస్తే ఫోన్ కాసేపు వెతికి టీ-మొబైల్, ఏటీ అండ్ టీ లాంటి పేర్లు చూపిస్తుంది, మీ ప్యాక్ వివరాల్లో ఏ కంపెనీ పేరుందో దాన్నే నొక్కండి.

దుబాయ్‌లోనో దోహాలోనో ఫ్లైట్ మారేటప్పుడు మాత్రమే పనిచేయకపోతే కంగారు పడొద్దు, అమెరికా ప్యాక్‌లో ఆ దేశం లేకపోయి ఉండొచ్చు. ఎయిర్‌పోర్ట్ వైఫై వాడుకోండి.

దుబాయ్‌లో వాట్సాప్ మెసేజ్ వెళ్తోంది, కాల్ కలవట్లేదు

ఫోన్ పాడవలేదు. యూఏఈలో వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్‌ను అక్కడి నిబంధనల వల్లే ఆపేస్తారు. మెసేజ్, వాయిస్ నోట్ వెళ్తాయి. "దిగాం, గేట్ దగ్గర ఉన్నాం" అని వాయిస్ నోట్ పెట్టమని అమ్మకు ముందే చెప్పి ఉంచితే ఇటు ఇంట్లో వాళ్లకూ టెన్షన్ ఉండదు.

సిగ్నల్ ఉంది, మామూలు కాల్ వెళ్లట్లేదు

రెండు కారణాలు. అమెరికాలో పెద్ద కంపెనీలన్నీ 2022లోనే 3జీ మూసేశాయి కాబట్టి ఫోన్‌లో వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే పద్ధతి) ఆన్‌లో లేకపోతే కాల్ కలవదు. పాత ఫోన్ అయితే అక్కడి వోల్టీకి అసలు సరిపోకపోవచ్చు, అప్పుడు వాట్సాప్ కాలే దిక్కు. రెండోది, నంబర్ సేవ్ చేసిన తీరు. మనకూ పది అంకెలే, వాళ్లకూ పది అంకెలే, కాబట్టి ముందు +91 లేకుండా హైదరాబాద్‌లో ఉన్న చెల్లెలికి చేస్తే నెట్‌వర్క్ దాన్ని అక్కడి నంబరే అనుకుంటుంది. బయల్దేరే ముందే ముఖ్యమైన నంబర్లన్నీ +91తో, పిల్లల నంబర్లు +1తో మార్చి పెట్టండి (సున్నాని నొక్కి పట్టుకుంటే ప్లస్ వస్తుంది).

కాల్స్ బాగున్నాయి, నెట్ లేదు

డేటా రోమింగ్ స్విచ్ ఆఫ్‌లో ఉంటుంది. మొబైల్ డేటా ఒకటి, డేటా రోమింగ్ ఇంకొకటి, రెండూ ఆన్ చేయాలి.

బ్యాంక్ ఓటీపీ రావట్లేదు

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేది ఇదే. అక్కడికి వెళ్లగానే అబ్బాయి ప్రేమగా లోకల్ సిమ్ తెచ్చి, పిన్నుతో ట్రే లాగి, మన సిమ్ తీసి పర్సులో పెట్టేస్తాడు. ఇక ఓటీపీ ఎక్కడికి వస్తుంది? యూపీఐ యాప్ కూడా సిమ్ కనిపించట్లేదని మొరాయిస్తుంది. ఊరి సిమ్ ఫోన్‌లోనే ఉండాలి. రెండో స్లాట్‌లో లోకల్ సిమ్ వేయండి, లేదా ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే పనిచేసే సిమ్) తీసుకోండి. మీ ఫోన్‌లో ఈ-సిమ్ ఉందో లేదో తెలియాలంటే *#06# కొట్టండి, ఈఐడీ అని ఒక పొడవాటి నంబర్ కనిపిస్తే ఉన్నట్టే. డేటాకు అమెరికా సిమ్‌ను ఎంచుకుని ఊరి సిమ్‌కు డేటా రోమింగ్ ఆపేయండి, రోమింగ్ సర్వీస్ మాత్రం ఉంచండి. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కు మామూలుగా డబ్బులు పడవు.

వ్యాలిడిటీ అయిపోయినా ఓటీపీ ఆగిపోతుంది. ఆరు నెలలు ఉండేవాళ్లు వెళ్లేలోపే అన్నాళ్లకు సరిపడా రీచార్జ్ చేయించుకోవాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షన్ తీసుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇవ్వాలన్నా ఓటీపీ కావాలి. ఇంకొకటి, ఊరి సిమ్‌నే ఈ-సిమ్‌గా మార్చుకోవాలంటే ప్రయాణానికి కనీసం వారం ముందే చేయించండి, సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు.

వాట్సాప్ కొత్త నంబర్‌కు మారాలా అని అడుగుతోంది

వద్దనండి. లోకల్ సిమ్ వేసినా వాట్సాప్ పాత నంబర్ మీదే నడుస్తుంది.

బిల్లు వాచిపోయింది

ఫ్లైట్ మోడ్ పెట్టకపోతే ఒక్కోసారి విమానంలోని నెట్‌వర్క్‌కే ఫోన్ తగులుకుంటుంది, దాని రేటు నేల మీద రోమింగ్ కంటే చాలా ఎక్కువ, మామూలు ప్యాక్‌లో అది ఉండకపోవచ్చు. సీట్లో కూర్చోగానే ఫ్లైట్ మోడ్ పెట్టేయాలి. దిగాక వాట్సాప్ బ్యాకప్, ఫొటోల బ్యాకప్, ప్లే స్టోర్ అప్‌డేట్లు వైఫైలో ఉన్నప్పుడే జరిగేలా మార్చండి. అయినా బిల్లు అనుమానంగా ఉంటే కస్టమర్ కేర్‌ను ఏ రోజు ఏ నెట్‌వర్క్‌లో ఎంత వాడారో వివరంగా అడగండి, ప్యాక్ యాక్టివేట్ అయినట్టు వచ్చిన మెసేజ్ డిలీట్ చేయకుండా ఉంచుకుంటే అప్పుడు చూపించడానికి పనికొస్తుంది.