బాలింత పథ్యాలు: అమ్మమ్మ మాట, డాక్టర్ మాట రెండూ కలవాలంటే ఏం చేయాలి?

మా చెల్లికి మే నెలలో గుంటూరులో సిజేరియన్ అయింది. ఇంటికి తీసుకొచ్చిన రోజు బయట 43 డిగ్రీల ఎండ. గదిలో కిటికీలు మూసేశారు, ఫ్యాను ఆపేశారు. చెల్లికి చెవుల్లో దూది, తలకి గుడ్డ. మంచం పక్కన అరచెంబు కాచిన నీళ్ళు పెట్టారు, రోజంతటికీ అవే. అంతకు మించి తాగితే పొట్ట పెరుగుతుందట. రెండో రోజుకే పెదాలు పగిలాయి, మూత్రం మంటగా ఉందంది. నేను డాక్టర్ చీటీ పట్టుకుని అమ్మమ్మతో గొడవకు దిగాను. ఆవిడ రెండు పూటలు అన్నం మానేసింది, చెల్లికి నీళ్ళు మాత్రం పెరగలేదు.

కాబట్టి గొడవతో ఈ పని కాదు. ఆ తర్వాత మేం చేసింది, అసలు ముందే చేసి ఉండాల్సింది రాస్తున్నాను.

1. ఏడో నెల దాటగానే పద్ధతులన్నీ రాసుకోండి

పురుడు పుట్టింట్లో పోసినా అత్తగారి వైపు పద్ధతులు ఫోన్లో వస్తూనే ఉంటాయి. ఒకరు వద్దన్న వంకాయను ఇంకొకరు పెట్టొచ్చంటారు. అందుకని పురిటి గదిలో ఎవరి మాట చెల్లుతుందో ముందే తేల్చుకుని, ఆవిడ పక్కన నోట్‌బుక్ పట్టుకుని కూర్చోండి. మూడు గడులు గీయండి: ఏం చేస్తారు, ఎన్నాళ్ళు చేస్తారు, చేయకపోతే ఏమవుతుందంటారు. వాదించకండి, రాసుకోండి చాలు. మా అమ్మమ్మ ఒక్క మధ్యాహ్నంలో 27 చెప్పింది, మధ్యలో రెండుసార్లు కాఫీ కూడా తనే పెట్టింది.

2. మూడో గడి మళ్ళీ చదవండి

వాతం చేస్తుంది, చలవ చేస్తుంది, కుట్లు చీము పడతాయి, దిష్టి తగులుతుంది. ఎక్కువగా కనిపించేవి ఈ నాలుగే. వీటిని మూఢనమ్మకం అని కొట్టిపారేస్తే అక్కడితో మాట ఆగిపోతుంది. కాన్పులు ఇంట్లోనే జరిగిన రోజుల్లో బాలింత జ్వరంతో కళ్ళముందు పోయినవాళ్ళను చూసి పుట్టిన భయాలివి. పురిటి మైల అని పది రోజులు ఎవరినీ ముట్టుకోనివ్వకపోవడం వల్ల జనం చంటిబిడ్డ మీద పడకుండా ఉండేవాళ్ళు. భయం ఏమిటో తెలిస్తే, దానికి ఇప్పుడున్న మందు చూపించవచ్చు.

3. మూడు కుప్పలుగా విడదీయండి

*ఉంచుకునేవి.* నలభై రోజుల విశ్రాంతి అన్నిటికన్నా విలువైనది. కాన్పు తర్వాత శరీరం మామూలు స్థితికి రావడానికి డాక్టర్లు చెప్పేది ఆరు వారాలు, అంటే 42 రోజులు. పెద్దలు రెండే రోజులు తేడాగా చెప్పారు! వేడివేడిగా అప్పుడే వండిన అన్నం, వెల్లుల్లి కారం, మునగాకు, మాంసాహారులైతే పాలసొర పులుసు, అన్నీ పెట్టండి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క, పెట్టే చెయ్యి ధారాళంగా ఉండటమే మంచిది. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, వాము వేసి బెల్లం, నెయ్యితో చేసే కాయం ముద్ద కూడా ఉసిరికాయంత పెట్టవచ్చు. అయితే గర్భంలో షుగర్ వచ్చినవాళ్ళు బెల్లం సంగతి డాక్టర్‌ని అడగాలి. గుంటూరు పట్నంబజార్ లాంటి చోట దినుసులు విడిగా కొని ఇంట్లో దంచుకోవడం మేలు. పొట్లంలో కట్టి ఇచ్చే పొడిలో ఏముందో అమ్మేవాడికే తెలియాలి.

*మార్చుకునేవి.* గొడవంతా ఇక్కడే, ఓపికా ఇక్కడే కావాలి. నీళ్ళు కాచినవే ఇవ్వండి, గోరువెచ్చగానే ఇవ్వండి, కానీ దాహం తీరేదాకా ఇవ్వండి. బిడ్డకు పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు అనుకుంటే లెక్క తేలిక. చెవుల్లో దూది ఉండనీయండి, దానివల్ల నష్టం లేదు. కిటికీ మాత్రం తీయాలి, గాలి నేరుగా తగలకుండా ఫ్యాను తిప్పాలి. ఏసీ ఉంటే 26 నుంచి 28 మధ్య పెట్టుకోవచ్చు. గుంటూరు మే నెలలో మూసిన గది చలిని ఆపదు, తల్లికీ బిడ్డకీ వడదెబ్బ తెస్తుంది.

విశ్రాంతి అంటే మంచం దిగకపోవడం కాదు. కదలకుండా పడుకుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టర్ లేచి తిరగమన్న రోజు నుంచీ గదిలో నాలుగు అడుగులు వేయించాలి.

ఇక పప్పు. పప్పు తింటే కుట్లు చీము పడతాయని మా ఇంట్లో కందిపప్పు పేరెత్తనివ్వలేదు. చీము పట్టేది గాయంలో చేరే సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. కుట్లు మానడానికి మాంసకృత్తులు కావాలి, శాకాహారుల ఇంట్లో అవి ఎక్కువగా పప్పు నుంచే రావాలి. మేం పెసరకట్టుతో మొదలుపెట్టాం. మూడు రోజులు చూసి ఏమీ కాలేదని అమ్మమ్మే ముద్దపప్పుకి ఒప్పుకుంది. పులుపు వద్దన్న మనిషే పాత చింతకాయ పచ్చడి మాత్రం పథ్యమే అంటుంది, దాని మీద నేను ఇప్పటికీ పెదవి విప్పలేదు.

*మానేయాల్సినవి.* వీటిలో బేరం లేదు. పుట్టిన గంటలోపు బిడ్డకు తల్లిపాలు పట్టాలి. పచ్చగా చిక్కగా వచ్చే ముర్రుపాలు పిండి పారబోయకూడదు, రోగాల నుంచి బిడ్డకు తొలి కాపుదల అవే. నాలుక మీద తేనె, పంచదార నీళ్ళు వద్దు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపిల్లల్లో కండరాలు చచ్చుబడే జబ్బు తెస్తుంది, అందుకే ఏడాది నిండేదాకా తేనె ముట్టనివ్వరు. ఆరు నెలల వరకు నీళ్ళు కూడా అక్కర్లేదు. ఈ ఎండలకు గొంతు ఎండిపోతుందేమో అని అందరికీ బెంగే, కానీ తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్ళే. బొడ్డు మీద పసుపు, ఆముదం, బూడిద ఏవీ రాయకుండా పొడిగా వదిలేస్తే ఒకటి రెండు వారాల్లో అదే రాలిపోతుంది. ముక్కులో, చెవుల్లో నూనె పోయకూడదు. కంటికి కాటుక పెట్టకూడదు, కొన్నిటిలో సీసం ఉంటుంది. దిష్టి చుక్క అరికాలికి పెట్టుకోండి. సాంబ్రాణి పొగ తల్లి జుట్టుకి కావాలంటే బిడ్డను వేరే గదిలో ఉంచి వేసుకోండి.

4. డాక్టర్ చేతే చెప్పించండి

తొమ్మిదో నెల చెకప్‌కి అమ్మమ్మను వెంట తీసుకెళ్ళండి, నోట్‌బుక్ ఆవిడ చేతికే ఇవ్వండి. మనవరాలు చెబితే ఎదురు చెప్పినట్టు, డాక్టరమ్మ చెబితే సలహా. ఒకటే జాగ్రత్త: ముందే డాక్టర్‌తో ఒక మాట చెప్పి ఉంచండి, లేకపోతే ఓపీ రద్దీలో "ఇవన్నీ ఇప్పుడెవరు పాటిస్తున్నారమ్మా?" అనేస్తే చేసిందంతా బూడిదలో పోసినట్టే.

కాన్పు తర్వాత ఆశా కార్యకర్త కూడా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఆమెను గుమ్మంలోనే పంపించేయకుండా అమ్మమ్మ దగ్గర కూర్చోబెట్టండి. 21వ రోజు బారసాల భోజనానికీ కలిసొస్తుంది.

5. పెద్దవాళ్ళకు పని అప్పజెప్పండి

మా ఇంట్లో పని చేసింది ఇదే. నీళ్ళ గ్లాసులు లెక్కపెట్టే పని, ఐరన్ మాత్ర వేయించే పని అమ్మమ్మకి ఇచ్చాం. కాన్పు తర్వాత ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు 180 రోజులు వాడాలి, చాలామంది ఆసుపత్రి సంచీ ఖాళీ కాగానే మానేస్తారు. అమ్మమ్మ మాత్రను కూడా పథ్యంలో కలిపేసుకుంది. "ఏమే, మందు పడిందా?" అని రోజూ రాత్రి తొమ్మిదింటికి అడిగేది, గోడ మీద క్యాలెండర్లో సున్నా చుట్టేది. ఒక్క రోజు తప్పలేదు. టీ తాగిన వెంటనే మాత్ర వేస్తే ఒంటికి పట్టదని చెబితే చెల్లికి సాయంత్రం టీ కూడా కట్ చేసింది, అంత అవసరం లేకపోయినా.

6. గడప దాటే విషయం ముందే ఒప్పించుకోండి

పురిటి స్నానం కాకుండా బాలింత గడప దాటకూడదన్న పట్టింపు ఒక్కటే ప్రాణం మీదికి తెస్తుంది. గంటలోపే ప్యాడ్ పూర్తిగా తడిసిపోయేంత రక్తస్రావం, 100.4 దాటిన జ్వరం, కాన్పు తర్వాత అయ్యే స్రావంలో దుర్వాసన, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, ఫిట్స్, ఒక కాలే వాచి నొప్పి పెట్టడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే వారం, వర్జ్యం చూడకుండా 108కి ఫోన్ చేయాలి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా, అరచేతుల దాకా పచ్చబడినా అంతే. ఈ నాలుగు మాటలు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. డిశ్చార్జ్ కాగితాలు, ఆధార్, రెండు చీరలు, బిడ్డ బట్టలు ఒక సంచిలో సర్ది తలుపు వెనక తగిలించండి. మా సంచిలో అమ్మమ్మ ఒక దూది ఉండ కూడా పెట్టింది, దారిలో చెవుల్లోకి గాలి పోకుండా.