కోరంగి మడ అడవిని ఎలా చూడాలి?

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో, సుమారు 18 కిలోమీటర్ల దూరంలో కోరంగి అభయారణ్యం వస్తుంది. ఉప్పునీటి బురదలో పెరిగే మడ చెట్ల అడవి అది. చాలామంది అక్కడ కారు ఆపి, చెక్క బాట మీద నాలుగు ఫొటోలు తీసుకుని, చెట్లు తప్ప ఏమీ లేవనుకుంటూ వెళ్లిపోతారు. మొదటిసారి నేనూ మిట్టమధ్యాహ్నం, కాలువలు నిండుగా ఉన్నప్పుడు వెళ్లి అలాగే తిరిగొచ్చాను. రెండోసారి పొద్దున్నే, సముద్రం వెనక్కి తగ్గి నీరు తీసిన వేళకు వెళ్తే అదే చోటి నుంచి కదలబుద్ధి కాలేదు. కాబట్టి ముందు సముద్రపు ఆటుపోట్ల వేళ చూసుకోండి. మిగతావన్నీ దాని తర్వాతే.

1. రోజు, వేళ ఎంచుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వలస పక్షులు ఉంటాయి, ఎండ బాధ ఉండదు. నవంబరులో మాత్రం తుఫాను హెచ్చరికలు ఉన్నాయేమో చూసుకుని బయల్దేరండి.

ఇక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు పోటు మీద ఉంటుంది, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. పోటుకీ నీరు తీయడానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు పడుతుంది. ఈ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి కాబట్టి నిన్న వెళ్లినవాళ్లు చెప్పిన టైమ్ ఇవాళ పనికిరాదు. ఫోన్లో కాకినాడ ఆటుపోట్ల పట్టిక చూడండి. గోడ మీది క్యాలెండరు కూడా సాయపడుతుంది: అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు ఎక్కువ, నీరు తీయడమూ ఎక్కువే. అష్టమి దగ్గర తేడా తక్కువ. పక్షులు, పీతలు చూడాలంటే నీరు తీసే వేళ, పడవ ఎక్కాలంటే పోటు వేళ. రెండూ కావాలంటే పూటంతా కేటాయించండి.

2. చేరుకోండి

రైల్లో వచ్చేవాళ్లు కాకినాడ టౌన్‌లో గానీ సామర్లకోటలో గానీ దిగొచ్చు. అక్కడి నుంచి కాకినాడ మీదుగా బస్సు, ఆటో ఏదైనా సరే. నీళ్ల సీసా, టోపీ, బైనాక్యులర్ వెంట ఉంచుకోండి. మెరిసే రంగుల బట్టలు, గట్టి వాసన సెంటు వద్దు.

3. చెక్క బాట మీద నెమ్మదిగా నడవండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. వంద అడుగులు వేశాక ఆగి, పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. ముందు బురద ఖాళీగా కనిపిస్తుంది. కాసేపటికి చిన్న చిన్న కన్నాల్లోంచి పీతలు బయటికొస్తాయి. మగపీతకి ఒక డెక్క ఒళ్లంత పెద్దది. దాన్ని పైకీ కిందికీ ఊపుతూ ఆడపీతను పిలుస్తుంది. పక్కనే బురద మీద గెంతే చేపలు. తడి ఆరనంతసేపూ అవి నీళ్ల బయట బతకగలవు.

ఇప్పుడు చెట్లు చూడండి. మడ చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచినవి దాని వేర్లు. బురదలో గాలి ఉండదు కాబట్టి వేరు పైకొచ్చి ఊపిరి తీసుకుంటుంది. ఆకు తాకితే కొన్నిసార్లు ఉప్పు పొడి వేలికి అంటుతుంది. చెట్టు తనకు ఎక్కువైన ఉప్పును ఆకుల మీదకి నెట్టేస్తుంది. ఉప్పు పొన్న అయితే కాయ చెట్టున ఉండగానే మొలకెత్తుతుంది. ఆ పొడుగాటి మొలక కింద పడి బురదలో దిగబడుతుంది, లేదా నీటిలో కొట్టుకుపోయి ఇంకో చోట నాటుకుంటుంది. తిల్ల చెట్టు జోలికి మాత్రం వెళ్లొద్దు. దాని పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం. పిల్లలకు ముందే చెప్పండి, ఏ కొమ్మా విరవొద్దని.

నీటిపిల్లి, అంటే ఫిషింగ్ క్యాట్, ఈ అడవికి గొప్ప పేరు తెచ్చింది. అది రాత్రిపూట తిరిగే జంతువు, కనిపించకపోతే నిరాశ పడకండి. బురదలో దాని అడుగుజాడలు కనిపించినా అదృష్టమే. నీటికుక్కలు పొద్దున్నే కాలువల్లో గుంపుగా ఈదుతాయి. కొంగలు, లకుముకి పిట్టలు, గరుడ గద్దలు ఎటూ కనిపిస్తాయి.

4. పడవ ఎక్కండి

లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. మోటారు చప్పుడుకు పక్షులు లేచిపోతాయి కాబట్టి కాలువ మధ్యలో కాసేపు ఇంజిన్ ఆపమని అడగండి, సాధారణంగా కాదనరు. ప్లాస్టిక్ ఏదీ నీళ్లలో వేయొద్దు. వేర్లకు చుట్టుకున్న కవర్లు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కాలువల అవతల, సముద్రానికి అడ్డంగా హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పెరిగిన తిన్నె అది. కాకినాడ రేవుకి అలల దెబ్బ తగలకుండా కాపాడుతోంది. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర్లో ఇక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. దీవికి వెళ్లాలంటే ముందే అటవీశాఖవాళ్లను అడగండి. రాత్రిపూట టార్చి వేసుకుని తాబేళ్ల వెంట పడటం తప్పు.

5. కోరంగి ఊళ్లోకి వెళ్లండి

అడవి చూసి ఊరు చూడకుండా వెళ్తే సగమే చూసినట్టు. ఒకప్పుడు ఇది పెద్ద రేవు. ఇక్కడ ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. ఇక్కడి నుంచి జనం పనుల కోసం 'రంగం' వెళ్లేవారు. మనవాళ్లు రంగూన్‌ను అలాగే పిలిచేవారు. బర్మాలో తెలుగువాళ్లందరికీ 'కోరంగీలు' అనే పేరు పడిందంటే ఈ రేవు ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు.

1789 డిసెంబరులో ఒక తుఫాను అలలు ఈ ఊరిని ముంచేశాయి. మళ్లీ 1839 నవంబరు 25న వచ్చిన ఉప్పెన తర్వాత రేవు కోలుకోలేదు. నది తెచ్చిన మేట కూడా ఓడల దారి మూసేసింది, వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. బంగాళాఖాతపు తుఫాన్లను అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్టన్ 1840లలో వాటికి పెట్టిన పేరే 'సైక్లోన్'. ఆ మాటకు వెనక కోరంగి లాంటి ఊళ్ల గోడు ఉంది. ఊళ్లో పెద్దవాళ్లు కనిపిస్తే "తాతగారూ, పాత రేవు ఎటుండేదండీ?" అని అడగండి. దారి చూపడంతో ఆగరు, వాళ్లింటి నుంచి రంగం వెళ్లినవాళ్ల కబుర్లూ చెబుతారు.

పుష్య అమావాస్యకు వస్తే పక్కనే ఉన్న చొల్లంగిలో సముద్ర స్నానాల తీర్థం చూడొచ్చు. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర అక్కడే మొదలవుతుంది. ఆ రోజు రోడ్డు మీద రద్దీ ఉంటుంది కాబట్టి అడవిని మర్నాటికి పెట్టుకోండి. అమావాస్య మర్నాడు నీరు బాగా తీస్తుంది, బురద తిన్నెలు దూరం దాకా బయటపడతాయి.