పెద్ద సంఖ్యలతో కుస్తీ – 5వ పాఠం: గింజల లెక్కను ముక్కలు చేద్దాం

పోయినసారి చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా 64 గళ్లూ నింపుకుంటూ పోయి 2⁶⁴ − 1 దగ్గర ఆగాం కదా. అంటే 1,84,46,74,40,73,70,95,51,615. స్ప్రెడ్‌షీట్‌లో కొడితే మొదటి 15 అంకెలు ఉంచుకుని మిగతావి సున్నాలు చేసేస్తుంది, అందుకే ఈరోజు కాగితం, పెన్ను తీయండి.

చివర 5 ఉంది కాబట్టి 5తో పోతుంది. అంకెలు కూడితే 87, కాబట్టి 3తోనూ పోతుంది. ఇలా ఒక్కోటీ చూస్తే తెల్లారిపోతుంది గానీ, బడిలో బట్టీపట్టిన రెండు వర్గాల తేడా సూత్రం, a² − b² = (a − b)(a + b), ఇక్కడ పనికొస్తుంది. 2⁶⁴ అంటే 2³² వర్గమే, కాబట్టి మన సంఖ్య (2³² − 1) × (2³² + 1). మైనస్ ఉన్న ముక్కను మళ్లీ అలాగే విడగొట్టండి, ఇంక విడగొట్టడానికి ఏమీ మిగలనంత వరకూ. చివరికి తేలేది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. పేచీ అంతా ఆరోదానితోనే, అంటే 2³² + 1తోనే. ఈ వరసలోవన్నీ (2¹ + 1, 2² + 1, 2⁴ + 1, ఇలా ఘాతం రెట్టింపవుతూ పోయేవి) ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫెర్మా అనే గణితవేత్త నమ్మాడు, 1732లో ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త వచ్చి ఇది 641తో పోతుందని చూపించాడు. 429 కోట్ల పైచిలుకు సంఖ్యకు సరిగ్గా 641 ఎలా దొరికింది? దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటివి వరసగా 193, 257, 449, 577, 641. ఐదోదే!

సరే, నమ్మకం కుదరాలంటే మనమే చేయాలి. పెద్ద భాగహారం వద్దు. శేషాన్ని వర్గం చేయడం, మళ్లీ 641తో భాగించి శేషం తీసుకోవడం, అంతే.

2⁸ = 256.
2¹⁶ = 65536. ఇందులోంచి 641 × 102 = 65382 తీసేస్తే 154.
2³² కోసం 154 వర్గం: 23716. ఇందులోంచి 641 × 36 = 23076 పోతే 640.

640కి ఒకటి కలిపితే 641, శేషం సున్నా. మూడంకెలు దాటిన సంఖ్యను ఒక్కసారి కూడా గుణించలేదు, గమనించారా? నాకైతే ఆ 640 కనపడినప్పుడల్లా ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇంటిపని: 193తో ఇలాగే చేయండి, చివర 109 మిగలాలి. తర్వాత 449. అక్కడ మధ్యలో 431 వస్తుంది, దాన్ని వర్గం చేస్తూ కూర్చోకండి, 431కి బదులు −18 అనుకుంటే పని సగం తగ్గుతుంది. 577కి మాత్రం సాయం లేదు.

641 తీసేశాక మిగిలేది 6700417. అది ప్రధాన సంఖ్యో కాదో వచ్చే పాఠంలో చూద్దాం, దాని వర్గమూలం 2588 చిల్లర కాబట్టి 2588 దాటి వెతకక్కర్లేదు.