షాపుకి కొత్త రూపు ఇవ్వాలంటే సరైన డిజైనర్‌ని ఎంచుకోవడం ఎలా?

పచ్చళ్లు, పొడులు, పిండివంటలు అమ్మే స్వగృహ ఫుడ్స్ షాపునే తీసుకుందాం. పదిహేను, ఇరవై ఏళ్లు బాగా నడిచాక బోర్డు వెలిసిపోతుంది. ప్యాకెట్ చూస్తే పక్క షాపుదానిలాగే ఉంటుంది. ఇంట్లో పిల్లలేమో ఆన్‌లైన్‌లో అమ్ముదామంటారు. సరే, అన్నీ కొత్తగా చేయిద్దామనుకుని ఎవరో డిజైనర్‌కి ఫోన్ చేసి మొట్టమొదట అడిగే మాట "లోగోకి ఎంత తీసుకుంటారు?" ధర అడగాల్సిందే, కానీ దానికింకా టైముంది. మీ షాపులో ఏం మార్చాలో చాలామంది చెప్పగలరు. ఏది మార్చకూడదో కనిపెట్టగలిగే మనిషే మీకు కావలసిన డిజైనర్.

ముందు మీరు చేసుకోవాల్సిన పని

మీ షాపు పేరు ఎక్కడెక్కడ కనిపిస్తుందో ఒక కాగితం మీద రాయండి. బోర్డు, పౌచ్, సీసా లేబుల్, క్యారీ బ్యాగ్, బిల్లు, డెలివరీ బండి, వాట్సాప్ డీపీ. చూస్తుండగానే జాబితా పెరుగుతుంది. డిజైనర్ ఇచ్చే కొటేషన్ దీన్నిబట్టే ఉండాలి.

తర్వాత ఓ వారం కౌంటర్ దగ్గర చెవి ఒగ్గి వినండి. జనం మీ సరుకుని ఏమని అడుగుతున్నారు? "ఆ ఎర్ర మూత సీసా ఇవ్వండి" అంటున్నారా, "అమ్మవారి బొమ్మ ఉన్న ప్యాకెట్" అంటున్నారా? ఆ ఎర్ర మూత, ఆ బొమ్మ మీరు ఇన్నేళ్లలో సంపాదించుకున్న ఆస్తి. 2009లో అమెరికాలో ట్రోపికానా జ్యూస్ కంపెనీ డబ్బా మీద స్ట్రా గుచ్చిన నారింజపండు బొమ్మ తీసేసి, గ్లాసులో జ్యూస్ బొమ్మ పెట్టింది. రోజూ కొనేవాళ్లే షాపు అరల్లో దాన్ని గుర్తుపట్టలేకపోయారు. అమ్మకాలు పడిపోయి, రెండు నెలలు తిరక్కుండానే పాత డబ్బా వెనక్కి తెచ్చారు. అంత డబ్బున్న కంపెనీ తట్టుకుంది. చిన్న షాపుకి ఆ దెబ్బ నుంచి కోలుకోవడం చాలా కష్టం.

రూపుతో పాటు పేరు కూడా మార్చాలనుకుంటే, డిజైనర్ని కలవకముందే ఆ పేరు ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఉచితంగా వెతకొచ్చు. అక్కడ సరుకులని క్లాసులుగా విడదీస్తారు. పచ్చళ్లు 29వ క్లాసులో, మసాలాలు, స్వీట్లు 30వ క్లాసులో వస్తాయి కాబట్టి రెండూ వెతకాలి. పేరు మారితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సులో, జీఎస్టీలో కూడా మార్పించుకోవాలి. ఈ పనులు డిజైనర్ చేసిపెట్టడు.

ఎక్కడ వెతకాలి?

మీకు నచ్చిన ప్యాకెట్లు ఓ నాలుగు కొనుక్కొచ్చి, అవి ఎవరు చేశారో ఆ షాపువాళ్లనే అడగడం అన్నిటికంటే మంచి దారి. ప్రింటింగ్ ప్రెస్ వాళ్లకి కూడా ఎవరి పని శుభ్రంగా ఉంటుందో తెలుసు. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో అప్లైడ్ ఆర్ట్ చదివినవాళ్లు, ఆంధ్రప్రదేశ్ ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ)లో చదివినవాళ్లు విడిగా పనులు చేస్తుంటారు. ఏళ్ల తరబడి డీటీపీ సెంటర్‌లో పనిచేసి చేయి తిరిగినవాళ్లలో కూడా గట్టివాళ్లున్నారు. డిగ్రీ కంటే పని చూడండి.

పాత పనులు చూసేటప్పుడు

ఫోన్‌లో చూపించే ఫొటోల్లో చాలావరకు కంప్యూటర్‌లో అతికించినవే. పాలరాయి గోడ మీద మెరిసే లోగో, చెక్కబల్ల మీద అందమైన డబ్బా. నిజంగా అచ్చయి మార్కెట్‌లోకి వచ్చిన ప్యాకెట్ ఒకటి చేతికివ్వమనండి. రంగులు స్క్రీన్ మీద కనిపించినట్టు కాగితం మీద రావు, ప్లాస్టిక్ మీద అసలే రావు. ఆ తేడాని ముందే ఊహించి పనిచేశారా లేదా అన్నది ప్యాకెట్ పట్టుకుంటే తెలిసిపోతుంది. వాళ్ల పాత కస్టమర్లలో ఇద్దరితో మాట్లాడి ఒక్క ప్రశ్న అడగండి: "అచ్చులో తప్పు వచ్చినప్పుడు ఏం చేశారు?"

తెలుగు అక్షరం దగ్గర మాత్రం కాస్త ఎక్కువసేపు ఆగండి. ఇంగ్లీషు లోగోలు చక్కగా చేసే చాలామంది ఇక్కడే తడబడతారు. 'లక్ష్మీ' అనే పేరు చూడండి. పైన గుడి దీర్ఘం, కింద ఒకదాని కింద ఒకటి ఒత్తులు. పక్కన ఇంగ్లీషులో అదే పేరు పెట్టి రెండిటికీ ఒకే ఎత్తు ఇస్తే, ఆ ఎత్తులోనే ఒత్తులన్నీ ఇరికించాలి కాబట్టి తెలుగు పేరు చిన్నగా, నలిగిపోయినట్టు కనిపిస్తుంది. బోర్డు పెట్టాక ఫ్రేమ్ కింద ఒత్తు సగం తెగిపోయిన షాపులు ప్రతి ఊళ్లో ఉన్నాయి. ఇంకో చిక్కు, డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషలకు సంబంధించిన సెట్టింగ్ పెట్టకపోతే ఒత్తులు విడిపోయి పొల్లులతో వరసగా పడతాయి. తెలుగు చదవడం రానివాళ్లకి అది తప్పని కూడా తెలియదు. అందుకే తెలుగులో చేసిన పని తప్పకుండా చూడండి. ఏ ఫాంట్ వాడతారో అడగండి. డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్లలో టైప్ చేసినది అచ్చుకి బాగానే ఉంటుంది గానీ, ఆ అక్షరాలు వెబ్‌సైట్లో వేస్తే పిచ్చి గుర్తులుగా వస్తాయి. వెబ్‌సైట్లో, ఫోన్‌లో కూడా సరిగ్గా కనిపించే రామభద్ర, మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు వ్యాపారానికి కూడా ఉచితమే. మన పేరు మన లిపిలో అందంగా ఉండాలని పట్టుబట్టే డిజైనర్ దొరికితే వదులుకోకండి.

మొదటిసారి కలిసినప్పుడు

మీ పాత ప్యాకెట్ ఎదురుగా పెట్టి, "ఇందులో మీరు ఏది ఉంచేస్తారు?" అని అడగండి. "అంతా పాతకాలం సార్, మొత్తం మార్చేద్దాం" అని వెంటనే అన్నారంటే జాగ్రత్త. ఎవరు కొంటారు, పెద్దవాళ్లా, హాస్టల్ పిల్లలా, అమెరికా పంపేవాళ్లా అని అడిగితే మంచి గుర్తు. ఒక్కసారికి ఎన్ని పౌచ్‌లు కొట్టిస్తారని అడిగితే ఇంకా మంచి గుర్తు. ఎందుకంటే, పెద్ద ఎత్తున పౌచ్‌లు అచ్చు వేసేచోట ఒక్కో రంగుకి ఒక్కో సిలిండర్ చెక్కించాలి. ఎనిమిది రంగుల డిజైన్ ఎంత అందంగా ఉన్నా, నెలకి కొన్ని వందల ప్యాకెట్లు అమ్మే షాపుకి ఆ ఖర్చు గిట్టదు. అలాంటి షాపుకి సాదా పౌచ్ మీద మంచి స్టిక్కర్ చాలు. ఆ మాట మీకు చెప్పగలిగినవాళ్లు మీ డబ్బు గురించి కూడా ఆలోచిస్తున్నట్టు.

లేబుల్ మీద తప్పనిసరిగా ఉండాల్సినవి వాళ్లకి తెలుసో లేదో కనుక్కోండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు, శాకాహారమైతే ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు. వీటికి చోటు వదలకుండా చేసిన డిజైన్‌ని మళ్లీ మొదటినుంచి చేయాలి.

చిన్న పని ఇచ్చి చూడండి

ముగ్గురితో ఉచితంగా లోగోలు చేయించుకుని ఒకటి ఏరుకోవడం కొందరికి అలవాటు. అది న్యాయం కాదు. పైగా పనిమంతులు ఉచితంగా చేయరు కాబట్టి మీకు మిగిలేది పనిలేనివాళ్లే. నచ్చిన ఒకరిద్దరికి డబ్బిచ్చి కందిపొడి లేబుల్ ఒక్కటి చేయించండి. దాన్ని మామూలు ప్రింటర్ మీద నలుపు తెలుపులో తీయండి, బిల్లు కాగితం మీద ఎలా ఉంటుందో తెలుస్తుంది. డీపీ సైజుకి తగ్గించి చూడండి. అరుగు మీద పెట్టి రోడ్డు అవతల నుంచి చూడండి. మీ దగ్గర ఎప్పట్నుంచో కొనే ఓ పెద్దావిడ చేతికిచ్చి ఏమీ చెప్పకుండా ఊరుకోండి. ఆవిడ పేరు చదివి, ఇది మీ షాపుదేనని గుర్తుపడితే పని సగం అయినట్టే.

డబ్బు, హక్కులు

కొటేషన్‌లో ఏమేమి ఇస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, ఎప్పటికి ఇస్తారు అన్నవి రాతలో ఉండాలి. కొంత అడ్వాన్సు, డిజైన్ ఖరారయ్యాక కొంత, ఫైళ్లు చేతికొచ్చాక మిగతాది.

చాలామంది వదిలేసేది హక్కుల సంగతి. డబ్బిచ్చాం కదా, లోగో మనదే అనుకుంటాం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, బయటి డిజైనర్ గీసిన లోగో మీద హక్కు మామూలుగా గీసినవాళ్లదే. మీకు రాసిచ్చి సంతకం పెడితేనే మీ చేతికొస్తుంది. ఆ కాగితంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లే అనీ, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అనీ చట్టం అనుకుంటుంది. అందుకని 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని రాయించుకోండి. విదేశాలకి పచ్చళ్లు పంపేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. లోగో రెడీమేడ్ బొమ్మల నుంచి తీసినది కాదని కూడా అందులోనే రాయించండి. అదే బొమ్మ ఇంకో ఊళ్లో ఇంకో షాపు మీద కనిపిస్తే ట్రేడ్‌మార్క్ దగ్గర ఇబ్బంది పడేది మీరే.

చివరి చెల్లింపుకి ముందు ఫైళ్లు చూసుకోండి. ఫొటోలా ఉండే జేపీజీ ఒక్కటే సరిపోదు, ఎంత పెద్దది చేసినా పగలని వెక్టర్ ఫైలు కావాలి. పీడీఎఫ్, ఎస్‌వీజీ, ఒరిజినల్ ఫైలు, మన ఫ్లెక్స్ షాపులు ఎక్కువగా వాడే కోరల్ డ్రా ఫైలు తీసుకోండి. అచ్చులో వాడాల్సిన రంగుల నంబర్లు, ఫాంట్ల పేర్లు ఒక పేజీలో రాయించండి. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని మీరు రోజూ వెళ్లే ఫ్లెక్స్ షాపులో తెరిపించండి. ఒత్తులు సరిగా ఉండి, రంగులు మారకుండా ఒక చిన్న ముక్క అచ్చయి వచ్చాక మిగతా డబ్బు పంపండి.