కారు పార్కింగ్‌కు ఎపాక్సీ: ముందు చెమ్మ సంగతి తేల్చండి

రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపి గచ్చు మీద వేసే గట్టి పూతే ఎపాక్సీ. తిరుపతిలో పార్కింగ్‌కు అది వేయించుకుంటున్న ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఒక వానాకాలం దాటగానే టైర్లు ఆగే చోట పెచ్చులు లేచిపోయినవీ తక్కువేం కాదు. అందరూ పెయింట్‌ను తిడతారు గానీ తప్పు ఎక్కువగా కింది గచ్చుదే.

రెసిన్-హార్డెనర్ సెట్టు, ప్రైమర్, డ్రిల్లుకు బిగించే మిక్సింగ్ రాడ్డు, రోలర్లు, గ్లౌజులు, మాస్కు తెచ్చుకోండి. డైమండ్ వీలున్న గ్రైండర్ అద్దెకు తీసుకుంటే చాలు. రంగంటారా, బూడిద రంగే. తెల్లది వేస్తే టైరు మరకలు తుడుస్తూ కూర్చోవాలి.

ఆయిల్ మరకలు డీగ్రీజర్‌తో కడిగి, నున్నటి పైపొర పోయేదాకా గ్రైండ్ చేసి, దుమ్మంతా వాక్యూమ్‌తో లాగి, పగుళ్లకు ఎపాక్సీ పుట్టీ పెట్టండి. నాలుగు నీటి చుక్కలు చల్లితే గచ్చులోకి ఇంకాలి. ముత్యాల్లా నిలబడితే ఇంకా గ్రైండింగ్ ఉన్నట్టే. గ్రైండర్ ఖర్చెందుకని కొందరు యాసిడ్ పోసి కడుగుతారు. ఆరబెట్టాల్సిన గచ్చు మీద మళ్లీ బకెట్ల కొద్దీ నీళ్లు పోయడమేమిటో!

అసలు పని ఇక్కడుంది. కొత్త కాంక్రీటైతే కనీసం 28 రోజులు ఆగాలి. పాతదైనా సరే, చెమ్మ చూడకుండా డబ్బా మూత తీయొద్దు. మందపాటి ప్లాస్టిక్ షీటును అడుగున్నర చదరంగా కత్తిరించి, నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించి, ఒక రోజంతా వదిలేయండి. తీసి చూస్తే షీటు లోపలివైపు చెమట పట్టినా, కింద గచ్చు చుట్టుపక్కల కంటే నల్లగా కనిపించినా పని ఆపాల్సిందే. ఒక్క షీటుతో సరిపెట్టుకోకండి. మధ్యలో ఒకటి, గోడ వారగా ఒకటి, నీళ్ల సంపు పక్కన ఒకటి పెట్టండి. సంపు పక్కదే ఎక్కువగా దొరికిపోతుంది.

మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. "పైన ఆరిపోయింది కదా సార్" అంటాడు మేస్త్రీ. పైన ఆరినా కింది నేల నుంచి చెమ్మ ఎక్కుతూనే ఉంటుంది. ఎపాక్సీ దాన్ని బయటికి పోనివ్వదు కాబట్టి అదే ఎపాక్సీని పైకి తోసేస్తుంది. సంక్రాంతి వెళ్లాక, ఫిబ్రవరిలో పెట్టుకోండి. అప్పటికీ షీటు తడిస్తే చెమ్మను తట్టుకునే ప్రైమర్ వేరే దొరుకుతుంది, అదే వాడాలి.

ఎండ తగ్గాకే ప్రైమర్ వేయండి. పొద్దున వేస్తే గచ్చు వేడెక్కేకొద్దీ లోపలి గాలి పైకొచ్చి బుడగలు వస్తాయి. రెసిన్, హార్డెనర్ డబ్బా మీది కొలత ప్రకారమే తీసుకుని, మూడు నిమిషాలు నిదానంగా కలిపి, వెంటనే నేల మీద పోసి రోలర్‌తో పరచండి. బకెట్‌లోనే ఉంచితే చేయి పెట్టలేనంత వేడెక్కి గడ్డకడుతుంది. రెండో కోటు మర్నాడు. కారు మాత్రం 7 రోజుల తర్వాతే. గేటు దగ్గర ఎండ పడే చోట పైన పాలీయురేథేన్ కోటు వేయకపోతే పసుపు తిరుగుతుంది.