మూసీని కొండ నుంచి నగరం దాకా చూడడం ఎలా

హైదరాబాద్‌లోని నయాపూల్ వంతెన మీద నుంచి నల్లని నీటిని చూసి మూసీ నది ఇంతేనని అనుకునేవారు, ఒక రోజు కేటాయించుకుని ఈ ప్రయాణాన్ని వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల నుంచి మొదలుపెట్టాలి. వానలు వెనకపట్టిన తరువాతి వారాలు ఇందుకు అనువైనవి. వేసవిలో అక్కడి వాగులు ఎండిపోతాయి, కుండపోత వాన రోజున నది దగ్గరికి పోనేకూడదు.

తెల్లవారుజామునే సొంత వాహనంలో బయలుదేరి, ముందుగా అనంతపద్మనాభస్వామి ఆలయం చూసి అడవి బాటలో కాసేపు నడవండి. తిరుగు ప్రయాణంలో చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా వస్తే కూరగాయల తోటలు, పూలతోటలు కనిపిస్తాయి. అక్కడ ఒక రైతు దగ్గర ఆగి, "పెద్దాయనా, మీ బోరుల నీళ్లు ఎన్ని ఫీట్ల మీద పడ్డయి?" అని అడగండి. గండిపేట (ఉస్మాన్‌సాగర్), హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో ప్రస్తావన తెస్తే, నీటిని కాపాడుకోవాలనే మాటా, భూమికి ధర రాలేదనే బాధా ఒకే నోట వినిపించవచ్చు. రెండింటినీ ఓపికగా వినడం అవసరం.

1908 సెప్టెంబరు వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట కట్ట మీద నిలబడి ఈ సంగతి గుర్తుచేసుకున్నాక, రెండు నదులూ కలిసే లంగర్‌హౌస్ బాపూఘాట్‌కు వెళ్లండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా మెలగవలసింది చాదర్‌ఘాట్ దగ్గరి లోతట్టు బస్తీలలో. జలాశయాల గేట్లు ఎత్తారంటే ముందుగా సామాన్లు సర్దుకోవలసింది అక్కడివారే. 2024లో సర్వే చేసి, తొలగించాల్సినవంటూ నది ఒడ్డు ఇళ్ల గోడల మీద ఎర్ర గుర్తులు వేసినందువల్ల, కాగితం, కలంతో కనిపించిన కొత్త మనిషిని సర్వేకు వచ్చినవాడనుకునే అవకాశం ఉంది. అందుచేత ముందు మీరెవరో, ఎందుకు వచ్చారో చెప్పండి, ఫోన్ జేబులోనే ఉంచండి, అనుమతి లేకుండా ఇళ్లనూ పిల్లలనూ ఫోటో తీయకండి. "అమ్మా, నీళ్లొస్తే ఎంతదాకా వస్తయి?" అని అడిగితే, గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు. ఆ ఎత్తును మీ పుస్తకంలో రాసుకోండి.

సాయంత్రం ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు దగ్గర ఆగండి. 1908లో సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. రోగులకు అడ్డురాకుండా నిలబడి ఆ కొమ్మల ఎత్తు చూసి, బస్తీలో రాసుకున్న ఎత్తును పక్కన పెట్టి పోల్చుకోండి.