నీళ్లు తగ్గించకండి: ఎంఎస్‌తో సీమ ఎండల్లోకి వస్తున్నవారికి జాగ్రత్తలు

భర్తకు బదిలీ కావడంతో గత నెలాఖరులో బెంగళూరు నుంచి కడపకు వచ్చిన ఒక యువతి, సామాను విప్పకముందే ఆసుపత్రి పాలైంది. ఆమెకు కొన్నేళ్లుగా మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనే నరాల జబ్బు ఉంది. మదనపల్లె, రాయచోటి మీదుగా వచ్చే రాత్రి బస్సులో బయలుదేరింది. దారిలో మూత్రానికి దిగవలసి వస్తుందని మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేసింది. కొత్త ఇంట్లో మరుగుదొడ్డి పెరటి చివర ఉండటంతో అక్కడా అదే పని చేసింది. మూడో రోజుకు కాళ్లు లేవలేదు, ఒళ్లు కాలిపోతోంది. జబ్బు తిరగబెట్టిందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. తీసుకువెళ్లిన చోట మూత్రం పరీక్ష చేయకుండానే స్టెరాయిడ్ ఎక్కించారు. కానీ జబ్బు తిరగబెట్టలేదు. ఆమెకు ఉన్నది మూత్రంలో ఇన్ఫెక్షన్. రోగనిరోధక శక్తిని అణచే స్టెరాయిడ్ పడ్డాక అది రక్తంలోకి పాకింది. ప్రాణం దక్కింది. కర్ర కూడా లేకుండా నడిచి వచ్చిన మనిషి చక్రాల కుర్చీలో ఇంటికి వెళ్లింది.

నేను కడపలో ఫిజియోథెరపీ చేస్తాను. ఎంఎస్ ఉన్నవారు ఇలా దెబ్బతినడం ఇంతకు ముందూ చూశాను. గొడుగు పట్టుకోండి, మిట్టమధ్యాహ్నం బయట తిరగకండి వంటివి మీకు తెలిసినవే, వాటిని వదిలేస్తున్నాను. మనుషులను నిజంగా పడగొడుతున్నది ఎండ ఒక్కటే కాదు. మూత్రానికి భయపడి నీళ్లు తగ్గించడం. ఈ మాట కింద మళ్లీ మళ్లీ వస్తుంది, విసుక్కోకండి.

వేడి ఏం చేస్తుంది

ఎంఎస్‌లో నరాల మీది మైలిన్ పొర అక్కడక్కడా ఊడిపోతుంది. తొడుగు పోయిన నరంలో సంకేతం అసలే అంతంతమాత్రంగా నడుస్తుంటుంది. ఒళ్లు కాస్త వేడెక్కితే అదీ ఆగిపోతుంది. లోపలి ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగినా చాలు, చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి, మాట తడబడుతుంది. 1890లోనే జర్మన్ కంటి వైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్, శ్రమ తర్వాత చూపు తగ్గి మళ్లీ రావడాన్ని గమనించి రాశాడు. ఎంఆర్ఐ రాకముందు వైద్యులు రోగిని వేడి నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు బయటపడతాయేమో చూసి ఈ జబ్బును అనుమానించేవారు. పండగ పూట పొగలు కక్కే నీళ్లతో తలంటు పోసుకుంటే మీరు మీ మీద చేసుకునేది అదే పరీక్ష.

ఇందులో ఊరట ఏమిటంటే వేడివల్ల వచ్చే ఈ ఇబ్బంది నరానికి కొత్త గాయం కాదు. ఒళ్లు చల్లబడితే కొద్ది గంటల్లో, ఎక్కువలో ఎక్కువ ఒక రోజులో సర్దుకుంటుంది. కొత్త లక్షణం వచ్చి, చల్లని చోట ఉన్నా, జ్వరం లేకున్నా, ఇన్ఫెక్షన్ లేకున్నా 24 గంటలు దాటి నిలిచిపోతే అప్పుడు అది రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టడం, కావచ్చు. ఆ వాక్యంలో 'ఇన్ఫెక్షన్ లేకున్నా' అన్న మాటను జనం దాటేస్తారు. పైన చెప్పిన యువతి విషయంలో దాటేసింది దాన్నే.

ఇక్కడి వేడి రెండు రకాలు

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. కడప 140 మీటర్ల దగ్గర, కొండల మధ్య పెన్నా పరీవాహకంలో ఉంది. ఇక్కడ రాత్రి కూడా చల్లబడదు. కర్నూలు పగలు కడపతో పోటీ పడుతుంది. అనంతపురం 300 మీటర్లు దాటిన ఎత్తులో ఉండటంతో రాత్రులు కొంత నయం. మూడు ఊళ్లలో ఏదో ఒకటి ఎంచుకునే అవకాశం మీ చేతిలో ఉంటే, అనంతపురం అడగండి.

మార్చి నుంచి మే దాకా ఉండేది పొడి వేడి. చెమట ఇట్టే ఆరిపోతుంది, తడి తువ్వాలు పనిచేస్తుంది, కూలర్ పనిచేస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అందరూ ఆ రెండు వారాలకే భయపడతారు. నేను అంతకంటే ఎక్కువగా భయపడేది తొలకరి తర్వాత, జూన్ నుంచి అక్టోబరు దాకా వచ్చే ఉక్కపోతకు. థర్మామీటరులో అంకె తగ్గుతుంది, గాలిలో తేమ పెరుగుతుంది, చెమట ఆరదు, ఒంటి వేడి బయటికి పోయే దారి ఉండదు. చాలామంది 'ఎండలు తగ్గాయి కదా' అని జాగ్రత్తలు వదిలేసేది కూడా అప్పుడే. ఆ నెలల్లో నీళ్లు పోసిన కూలర్ గదిని ఇంకా చెమ్మగా మారుస్తుంది. అప్పుడు ఏసీ తప్ప మార్గం లేదు. ఇల్లంతా అక్కరలేదు, ఒక గది చాలు. మండు వేసవిలో కూలర్ వాడేవారు ఎదురు కిటికీ తెరిచి పెట్టాలి. తలుపులన్నీ బిగించి కూలర్ వేస్తే వేసవిలోనే ఉక్కపోత తెచ్చుకున్నట్టు. ఉష్ణోగ్రత 40 దాటిన గదిలో ఉత్త ఫ్యాను వేడి గాలిని ఒంటి మీదికి తోస్తుంది, చల్లబరచదు. ఒంటి మీద తడి బట్ట ఉంటేనే అది పనికొస్తుంది.

ఇప్పుడు నీళ్ల మాట

ఎంఎస్ ఉన్నవారిలో చాలామందికి మూత్రాశయం మాట వినదు. ఉన్నట్టుండి తొందర, వెళ్లేలోపు జారిపోవడం, లేదా పూర్తిగా ఖాళీ కాకపోవడం. సిగ్గుతో, భయంతో నీళ్లు తగ్గిస్తారు. ఆడవాళ్లయితే మరీ. బస్సు ప్రయాణమంటే, పెళ్లంటే, ఆఫీసులో మరుగుదొడ్డి బాగా లేదంటే ముందురోజు నుంచే గొంతు ఎండబెట్టుకుంటారు. చల్లని ఊళ్లో ఈ అలవాటు ఎలాగో చెల్లుతుంది. సీమలో చెల్లదు.

ఎందుకంటే నీళ్లు తగ్గితే చెమట తగ్గుతుంది, ఒళ్లు వేడెక్కుతుంది. మూత్రం చిక్కబడి ఆ చికాకుకే తొందర ఇంకా పెరుగుతుంది. లోపల నిలిచిపోయిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మలబద్ధకం వస్తుంది, నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుంది. ఇన్ఫెక్షన్ వల్ల జ్వరం, జ్వరం వల్ల కాళ్లు పడిపోవడం. పైగా నడుము కింద స్పర్శ తగ్గినవారికి మంట తెలియదు. మూత్రం మబ్బుగా ఉండటం, వాసన రావడం, కారణం లేకుండా కాళ్లు బిగుసుకోవడం లేదా పట్టు తప్పడం, ఇవే మీకు అందే కబురు. రోగనిరోధక శక్తిని తగ్గించే ఫింగోలిమాడ్, రిటుక్సిమాబ్ వంటి ఎంఎస్ మందుల మీద ఉన్నవారికి ఇన్ఫెక్షన్ మరింత త్వరగా ముదరవచ్చు.

నీళ్లు తగ్గించకండి. గుండె, కిడ్నీ సమస్యల వల్ల వైద్యుడు కొలత పెట్టి ఉంటే తప్ప, వేసవిలో రోజుకు రెండున్నర లీటర్లకు తక్కువ కాకుండా తాగండి. ఒకేసారి చెంబెడు కాదు, గంటకో గ్లాసు. నిద్రకు రెండు గంటల ముందు మాత్రం ఆపవచ్చు. మజ్జిగ, సబ్జా నీళ్లు, నన్నారి మంచివే. కాఫీ, టీలు మూత్రాశయాన్ని రెచ్చగొడతాయి, వాటిని తగ్గించండి. తగ్గించవలసింది అవి.

అయితే మూత్రం సంగతి ఏం చేయాలి? అవసరం వచ్చేదాకా ఆగకుండా రెండు మూడు గంటలకోసారి గడియారం చూసి వెళ్లండి. ఊరు మారకముందే, వెళ్లి వచ్చాక లోపల ఎంత మిగులుతోందో స్కానింగ్ చేయించుకోండి. ఎక్కువగా మిగులుతుంటే శుభ్రమైన గొట్టంతో మీరే ఖాళీ చేసుకునే పద్ధతి నేర్పుతారు. వినడానికి కష్టంగా ఉంటుంది కానీ, నేర్చుకున్నవారు ప్రయాణాలు హాయిగా చేస్తున్నారు. ప్యాడ్లు, ప్యాంటులా తొడుక్కునే డైపర్లు ఉన్నాయి. మందుల దుకాణంలో అడగడానికి సిగ్గుపడకండి. ఐసీయూ కన్నా ప్యాడ్ నయం.

మందులు

మూత్రం తొందరకు ఇచ్చే ఆక్సిబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనాసిన్ చెమటను తగ్గిస్తాయి. నిద్రకు, నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ కూడా అంతే. చల్లని ఊళ్లో ఇది పట్టించుకోనక్కరలేని సంగతి. కడపలో మే నెలలో చాలా పెద్ద సంగతి. మీ అంతట మీరు ఆపకండి. 'నేను కడపకు మారుతున్నాను' అని నాడీ వైద్యుడికి చెప్పి, మార్చవచ్చేమో అడగండి. చెమటను ఆపని మిరాబెగ్రాన్ వంటి మందు ఉంది, రక్తపోటు చూసి ఇస్తారు.

ఎంఎస్‌కు వేసుకునే ఇంటర్ఫెరాన్, గ్లాటిరమర్ సూదిమందులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కొన్నింటి పెట్టె మీద 'కొన్నాళ్లు గది ఉష్ణోగ్రతలో ఉంచవచ్చు' అని ఉంటుంది. ఆ గది ఉష్ణోగ్రత అంటే మందును బట్టి 25, మహా అయితే 30 డిగ్రీలు. మన ఇళ్లలో మే నెల గది 36, 38 ఉంటుంది. అలాగని ఐసు ముక్కలకు ఆనించి తేకండి, గడ్డకడితే మందు పాడవుతుంది. మందుకూ ఐసు సంచికీ మధ్య గుడ్డ పెట్టండి. ఇంటర్ఫెరాన్ తర్వాత జ్వరం వచ్చేవారు సూది రాత్రి పూట, పారాసిటమాల్‌తో వేసుకోవడం గురించి వైద్యుడిని అడగండి. కండరాల బిగుతుకు వాడే బాక్లోఫెన్‌ను ఒక్కరోజు కూడా ఉన్నట్టుండి ఆపకండి. సామాను సర్దేటప్పుడు అది చేతిసంచిలోనే ఉండాలి. అకస్మాత్తుగా మానేస్తే మూర్ఛలు, తీవ్ర జ్వరం రావచ్చు.

ఇక మిగిలినవి, గుర్తొచ్చిన వరుసలో

మారేది నవంబరు నుంచి జనవరి మధ్య పెట్టుకోండి.

మే నెలలో తప్పదంటే మొదటి రెండు వారాలు ఏ పనీ పెట్టుకోకండి. ఒంటికి కొత్త వేడి అలవాటు కావడానికి ఆ మాత్రం పడుతుంది. చెమట సరిగా పట్టనివారికి పూర్తిగా అలవాటు కాకపోవచ్చు కూడా.

రైలు దొరికితే రైలు. అందులో మరుగుదొడ్డి ఉంటుంది. బస్సే గతి అయితే ఎక్కేటప్పుడే డ్రైవరుకు చెప్పండి, ఆపమని అడగండి, నీళ్లు తాగండి.

పై అంతస్తు తీసుకోకండి. పగలంతా ఎండిన మిద్దె రాత్రి రెండింటి దాకా వేడి దింపుతుంది.

మంచానికి పది అడుగుల్లో మరుగుదొడ్డి లేని ఇల్లు ఎంత చవకైనా వద్దు. అద్దె కోసం దాన్ని ఒప్పుకున్నవారే ఆ తర్వాత నీళ్లు తగ్గిస్తారు.

కమోడు, పక్కన పట్టుకునే కడ్డీ పెట్టించుకోండి. నున్నని కడప బండల నేల మీద తడి ఉంచకండి.

చిన్న ఇన్వర్టరు ఏసీని నడపదు. కరెంటు పోయిన మధ్యాహ్నానికి తడి తువ్వాళ్లు, బకెట్టు నీళ్లు, చల్లటి పక్కింటి గది ఒకటి ముందే చూసి పెట్టుకోండి.

వ్యాయామం మానకండి. తెల్లవారుజామున చేయండి. దానికి ముందు గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టి మెల్లగా చల్లబరుస్తూ స్నానం చేయండి. ఒక్కసారిగా చన్నీళ్లు పోసుకుంటే కొందరికి కాళ్లు బిగుసుకుంటాయి.

ఐసు సంచిని నేరుగా చర్మానికి ఆనించకండి. స్పర్శ లేని చోట కాలినా తెలియదు.

ఒంటిమిట్టకు, మహానందికి, యాగంటికి పగలు వెళ్లకండి. వెళ్తే గుడి ఆవరణలో మందపాటి మేజోళ్లు వేసుకోండి. రాతి పరుపు మీద బొబ్బలెక్కినా పాదానికి తెలియని మనుషులను చూశాను. ఒంటిమిట్ట కల్యాణం రాత్రి పూటే జరుగుతుంది, చూడాలనుకుంటే దానికి వెళ్లండి.

పురిటికి పుట్టింటికి వస్తున్న ఆడపిల్లలు, వాళ్ల అమ్మలు ఇది తప్పకుండా చదవాలి. కాన్పు తర్వాతి మొదటి మూడు నెలలు రిలాప్స్ ముప్పు ఎక్కువ. బాలింతకు మరిగే నీళ్లు పోయకండి. కిటికీలు మూసి, కుంపటి పెట్టిన గదిలో ఉంచకండి. బాలింత నీళ్లు తాగకూడదన్న మాటను ఇంట్లో ఎవరు చెప్పినా వినకండి. అమ్మమ్మ చెప్పినా వినకండి.

నీళ్లు ముట్టని ఉపవాసం గానీ రోజా గానీ వైద్యుడిని అడగకుండా వద్దు.

దోమతెర కట్టండి. ఏ జ్వరమైనా మీ కాళ్ల మీదే పడుతుంది.

ఎండకు దాక్కునేవారు విటమిన్ డి పరీక్ష చేయించుకోండి.

కాళ్లు పట్టు తప్పితే ముందు చల్లబడండి, తర్వాత జ్వరం చూడండి, తర్వాత మూత్రం పరీక్ష. ఈ వరుస మార్చకండి.

మూత్రం పరీక్షకు, కల్చర్‌కు (ఏ సూక్ష్మజీవో తేల్చే పరీక్షకు) నమూనా ఇవ్వకుండా స్టెరాయిడ్ ఎక్కించుకోకండి. 'ఇన్ఫెక్షన్ లేదని చూశారా?' అని అడగడానికి మొహమాటపడకండి. రోగి అడగలేని స్థితిలో ఉంటే పక్కనున్నవారు అడగండి.

ఒళ్లు కాలుతూ మాట తికమకపడుతుంటే అది వడదెబ్బ కావచ్చు. ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా చేసి, 108కు ఫోను చేయండి. ఎంఎస్ వల్లనేమో అని కూర్చోకండి.

జబ్బు పేరు, వాడుతున్న మందులు, నాడీ వైద్యుడి ఫోను నంబరు తెలుగులో ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. బెంగళూరు నిమ్హాన్స్‌లోనో హైదరాబాదు నిమ్స్‌లోనో చూపించుకుంటున్నవారు ఫైలు ఫోటోలు ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ కూడా ఉంది. సదరం (వైకల్య) ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి. ప్రభుత్వ ఉద్యోగులకు తగిన సౌకర్యం కల్పించడం కార్యాలయం బాధ్యత అని ఆ చట్టం చెబుతోంది. బదిలీని చలికాలానికి వాయిదా వేయమనీ, మరుగుదొడ్డికి దగ్గరగా చల్లని గదిలో సీటు ఇవ్వమనీ రాతపూర్వకంగా అడగండి. దరఖాస్తు నకలు మీ దగ్గర ఉంచుకుని, అందినట్టు సంతకం తీసుకోండి.